సభలో మాట, సభలో నవ్వు

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధినీ నాటకశాలలో నిజాం రాష్ట్ర సంఘసంస్కార సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కర్వే, ఆడవాళ్ళ చదువుకోసం, వితంతువులకోసం జీవితమంతా పాటుపడిన మనిషి. వక్తలు ఇంగ్లీషులో మాట్లాడారు, ఉర్దూలో మాట్లాడారు, మరాఠీలో మాట్లాడారు. అంతా సజావుగానే నడిచింది. అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మొదలుపెట్టేసరికి మాత్రం సభలో కొంతమంది ఎగతాళికి దిగారు. ఆయన్ని మాట్లాడనివ్వలేదు. అక్కడున్న తెలుగువాళ్ళు కొందరు ఆ రాత్రే ఒక ఇంట్లో కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు గారు, మా పాలమూరు బూర్గుల రామకృష్ణారావు గారు అందులోవాళ్ళే.

గ్రూప్స్‌కి ప్రిపేర్ అయిన ప్రతివాడికీ ఈ కథ కంఠతా వచ్చు. మనకది ఒక మార్కు బిట్టు. జనసంఘం, ఆంధ్ర మహాసభ, గ్రంథాలయోద్యమం, అక్కణ్ణించి సాయుధ పోరాటం దాకా బాణం గుర్తులు గీసుకుంటూ పోతాం. నేను మాత్రం ఈ మధ్య ఆ మొదటి పెట్టె దగ్గరే ఆగిపోయాను. అది సంఘసంస్కార సభ అండీ. వచ్చినవాళ్ళు రౌడీలు కారు, చదువుకున్నవాళ్ళు, సమాజాన్ని బాగుచేద్దామని టైము తీసుకుని వచ్చినవాళ్ళు. వితంతువు బాధ అర్థమైనవాళ్ళకి ఎదురుగా నిలబడి మాట్లాడుతున్న మనిషి బాధ ఎందుకు అర్థం కాలేదు?

ఎందుకు ఆగిపోయానో చెప్పాలంటే మా రెండో శనివారం గురించి చెప్పాలి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల వాళ్ళం కొంతమందిమి (పాత జిల్లాలే లెండి. 2016 తర్వాత ఎవరిది ఏ జిల్లానో మాకే తడబాటు) నెలకోసారి దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఒక టిఫిన్ సెంటర్ పైనున్న గదిలో కలుస్తాం. ఎక్కువమంది సాఫ్ట్‌వేరే. ఇద్దరు టీచర్లు, ఒక బ్యాంకాయన, ఒక రిటైర్డ్ తెలుగు లెక్చరరు గారు ఉన్నారు. ఎవరో ఒకరు తాము రాసింది చదువుతారు, మిగతావాళ్ళు మాట్లాడతారు, తర్వాత కిందికి దిగి దోసెలు తింటాం. మూణ్ణాలుగేళ్ళుగా నడుస్తోంది. పెద్ద సాహిత్య సంస్థ ఏం కాదు. వారమంతా జిరా టికెట్లు చూసిన కళ్ళకి కాస్త మార్పు, అంతే.

వేసవిలో ఒక నెల నేను ఆన్‌కాల్‌లో ఉండి వెళ్ళలేకపోయాను. ఆ నెలే అచ్చంపేట వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి మొదటిసారి చదివింది. టెస్టింగ్‌లో పనిచేస్తుంది. వాళ్ళ నాయినమ్మ గురించి రాసుకొచ్చింది. పాలమూరు లేబర్ అంటే తెలుసు కదా, దేశంలో ఎక్కడ డ్యాము కడుతున్నా, కాలువ తవ్వుతున్నా గుంపు మేస్త్రి వెంట మూటాముల్లె సర్దుకుని పోయినవాళ్ళు. ఆ నాయినమ్మ అట్లా సగం జీవితం ఊళ్ళు తిరిగి, తను రాళ్ళెత్తిన డ్యాముల పేర్లు కూడా తెలియకుండా పోయిందట. కైకిలి, సద్ది, గుంపు, ఇవన్నీ ఆ అమ్మాయి ఇంట్లో మాట్లాడినట్టే రాసింది.

చదవడం అయ్యాక లెక్చరరు గారు ఒక మాటన్నారు. "కథ బాగుందమ్మా. తెలుగులో రాస్తే ఇంకా బాగుండేది."

గదంతా నవ్వింది. ఆ అమ్మాయి కాగితాలు మడిచి బ్యాగులో పెట్టుకుంది. దోసెలకి ఆగలేదు. మరుసటి నెల రాలేదు, ఆ తర్వాతి నెలా రాలేదు.

నేను లేను కాబట్టి ఈ సంగతి మా వాళ్ళ దగ్గర వేరువేరుగా విన్నాను. మాట విషయంలో అందరూ ఒకటే చెప్పారు. నవ్వు దగ్గరకొచ్చేసరికి ఒక్కరూ తాము నవ్వలేదన్నారు. పదహారుమందిలో ఎవరూ నవ్వకుండా అంత నవ్వు ఎట్లా వినిపించిందో అర్థం కాదు. మన భాషలో చెప్పాలంటే రీప్రొడ్యూస్ కాని బగ్గు :)

తర్వాత ఏమైందో మీరు ఊహించుకోగలరు. వాట్సాప్‌లో రెండు వర్గాలు. సార్‌ని ఇక పిలవొద్దని కొందరు. రాసేవాళ్ళకి ఇంత పలచటి చర్మం ఉంటే ఎట్లా, సద్విమర్శ తీసుకోవాలి కదా అని కొందరు. చివరికి ఎవరు ఏం అనొచ్చో, ఎవరు ఆపాలో నియమాలు రాసుకుందాం అనుకున్నారు. ఆఫీసులో ఆన్‌బోర్డింగ్ డాక్యుమెంటు రాసిన పాపానికి ఆ పని నా నెత్తిన పెట్టారు.

నియమాలు రాయడం మొదలుపెడితే ముందు వచ్చే చిక్కు, ఏ మాట తప్పు అన్నది. కటువుగా ఉన్న మాటంతా తప్పంటే విమర్శే ఉండదు. కోడ్ రివ్యూలో "ఈ లూపు తప్పు, ఖాళీ లిస్టు వస్తే పడిపోతుంది" అన్నవాడు నాకు మేలు చేసినట్టే, ఎంత మొరటుగా అన్నా సరే. "ఇది ఎవరు రాశారండీ" అని నవ్వు ముఖం పెట్టి అడిగేవాడు ఉంటాడు చూశారా, వాడి మాటలో కటువు లేదు, పనికొచ్చేదీ లేదు. మర్యాద గొంతులో ఉండదని నాకు అక్కడ అర్థమైంది. మరెక్కడుంటుంది?

దీనికి నాకు దొరికిన మంచి ఉదాహరణ కూడా పాలమూరు మనిషిదే, సురవరం ప్రతాపరెడ్డి గారిది. ఊరు ఇటికాలపాడు, ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా. 1926లో గోలకొండ పత్రిక మొదలైంది, వారానికి రెండుసార్లు వచ్చేది. అప్పటికి నిజాం రాష్ట్రంలో తెలుగు పత్రిక నడపడమంటే మాటలు కాదు. 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు నల్లగొండ నుంచి నీలగిరి అని ఒక పత్రిక తెచ్చారు, కొన్నేళ్ళకి ఆగిపోయింది. రాసేవాళ్ళు తక్కువ, కొనేవాళ్ళు ఇంకా తక్కువ. సురవరం గారే రకరకాల మారుపేర్లతో పత్రిక నింపేవారు. (మారుపేరుతో రాసేవాళ్ళంతా పిరికివాళ్ళనే వాదన ఈ మధ్య ఎక్కువ వినిపిస్తోంది. వాళ్ళకి ఈ సంగతి చెప్పండి.)

ఆ రోజుల్లో ముడుంబై వెంకట రాఘవాచార్యులు అనే పండితుడు తెలంగాణలో కవులు పూజ్యం అని రాశాడు. పూజ్యం అంటే సున్నా. పూజించదగినవాళ్ళు అనే అర్థం కూడా ఉంది కాబట్టి మాట ఇంకాస్త కొరుకుతుంది. ఆ రోజుల్లోనే కాదు, మా చిన్నప్పటిదాకా అటూ ఇటూ తిరుగుతూ ఉన్న అభిప్రాయమే అది. సురవరం గారు తిట్టలేదు. పద్యాలు పంపమని, వివరాలు పంపమని ఊరూరా కవుల్ని కదిలించి, పాతవాళ్ళవీ కొత్తవాళ్ళవీ పోగుచేసి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. మొత్తం 354 మంది కవులు.

లాజిక్ ప్రకారం చూస్తే ఒక్కరు చాలు. 'అసలు లేరు' అన్నదాన్ని పడగొట్టడానికి ఒక్క కౌంటర్ ఎగ్జాంపుల్ సరిపోతుంది. కానీ ఒక్కరిని చూపిస్తే వచ్చే తర్వాతి మాట ఏమిటో సురవరం గారికి తెలుసు. "ఆ, ఒకరిద్దరు ఉంటే ఉన్నారేమో." అందుకే ఆ మాటకి కూడా చోటు లేకుండా 354 మందిని నిలబెట్టారు.

ఈ కథ చెప్పినప్పుడల్లా మనం సురవరం గారిని మెచ్చుకుని, ఆచార్యులు గారిని ఒక తిట్టు తిట్టి ముగిస్తాం. నాకు ఆచార్యులు గారికి కూడా కొంత క్రెడిట్ ఇవ్వాలనిపిస్తుంది. ఆయన అన్నది తప్పే, అహంకారమే అనుకోండి. కానీ తన పేరుతో అన్నాడు, అచ్చులో అన్నాడు. పైగా తేల్చుకోవడానికి వీలున్న మాట అన్నాడు. లేరంటే, ఉన్నారని చూపించొచ్చు. అట్లాంటి మాట ఎంత చేదుగా ఉన్నా దానికి ఒక తలుపుంటుంది, అందులోంచి జవాబు లోపలికి పోతుంది. వివేకవర్ధినీ సభలో వెంకటరామారావు గారి మీద చేసిన ఎగతాళికి అట్లాంటి తలుపు లేదు. ఏం చెప్తే ఆ నవ్వు తప్పని రుజువవుతుంది? అందులో రుజువు చెయ్యడానికి ఏముంది?

"గుంపు మేస్త్రి అంటే నాకు అర్థం కాలేదమ్మా", ఇది జవాబున్న మాట. "మధ్యలో డ్యాము వర్ణన ఎక్కువైంది", దీనికీ ఉంది, ఆ అమ్మాయి ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు. "ఈ మాండలికం బయటి పాఠకులకి అందదేమో", సరే, దాని మీద గంటసేపు కొట్లాడుకోవచ్చు. "తెలుగులో రాస్తే బాగుండేది" అన్నదానికి ఆ అమ్మాయి ఏం చెప్పాలి? నాది తెలుగేనండీ అని చెప్పాలా? మహబూబ్‌నగర్ జిల్లాలో పుట్టి, తను మాట్లాడేది తెలుగని దిల్‌సుఖ్‌నగర్‌లో, అదీ సొంతవాళ్ళ మధ్య రుజువు చేసుకోవాలా?

ఇక్కడ నాకు మనవాళ్ళతో ఒక పేచీ ఉంది. ఎవరికి ఎక్కడ అవమానం జరిగినా సురవరం గారిని తెచ్చి చూపిస్తారు. "ఆయన్లా రాసి చూపించు, పనితో జవాబు చెప్పు" అని. వినడానికి బాగుంటుంది. కానీ ఆయన చేతిలో పత్రిక ఉంది, ఆయన వెనుక ఊరూరా పాఠకులున్నారు, ఆయన మాటకి కదిలే కవులున్నారు. మొదటిసారి నాలుగు పేజీలు వణుకుతూ చదివిన పిల్లకి అవేవీ లేవు. అవమానించినవాడు ఒక్క వాక్యంతో పోతాడు, పడ్డవాళ్ళు మాత్రం గ్రంథం అచ్చు వెయ్యాలి. ఈ లెక్క సమంగా లేదు. ఇంకో సంగతి, ఆ సంచికలో ఉన్నవి ఎక్కువగా పద్యాలే. కవి అంటే పద్యం రాసేవాడు అన్న ఆచార్యులు గారి తూకపు రాయితోనే తూచి ఆయన్ని ఓడించారు. ఆ రోజుకి అదే సరైన పని, నేను తప్పు పట్టడం లేదు. కానీ డ్యాముల దగ్గర రాళ్ళెత్తినవాళ్ళ మాట ఆ తక్కెట్లోకి అప్పుడూ రాలేదు.

కాబట్టి జవాబు చెప్పే భారమంతా పడ్డవాళ్ళ మీద వెయ్యకూడదు, సభ నడిపేవాళ్ళు అక్కడికక్కడే కల్పించుకోవాలి. ఇది రాసుకున్నాను. వెంటనే ఇంకో భయం పట్టుకుంది.

మా దేవరకొండలో 1931లో రెండో ఆంధ్ర మహాసభ జరిగింది, బూర్గుల గారి అధ్యక్షతన. మొదటిది అంతకుముందు ఏడు జోగిపేటలో, దానికి అధ్యక్షుడు సురవరం గారే. ఈ సభలు పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 అని ఒక ఫర్మానా లాంటి సర్క్యులర్ ఉండేది. సభ అనుకుంటే ముందే అర్జీ పెట్టుకోవాలి, అందులో ఏం మాట్లాడతారో చెప్పుకోవాలి. రాజకీయం వాసన తగిలితే అనుమతి ఉండదు. పైకి దాని మాట ఎంతో మర్యాదగానే ఉంటుంది, శాంతిభద్రతలకోసమే కదా అంటుంది. గొడవలు జరగకుండా ముందుజాగ్రత్త అంటుంది. సరిగ్గా ఇవే మాటలు మా వాట్సాప్ గ్రూపులో కూడా వచ్చాయి. "చదివేది ముందే ఒకరు చూస్తే బెటర్", "కామెంట్స్ ముందే రాసి కన్వీనర్‌కి ఇస్తే బెటర్". బెటర్, బెటర్ అనుకుంటూ మనమే గస్తీ 53 రాసుకుంటున్నామా అనిపించింది.

సభ మధ్యలో ఒకరిని ఆపడానికీ, సభకి ముందే ఆపడానికీ తేడా ఉంది. మధ్యలో ఆపితే అందరూ చూస్తారు. ఆపినవాణ్ణి ఎందుకు ఆపావని అడగొచ్చు. ముందే ఆపితే ఏం ఆగిపోయిందో కూడా ఎవరికీ తెలియదు. అప్పుడు ఆపినవాడు ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. నాకు మొదటిదే ఒప్పు, అందులో ఎంత రభస ఉన్నా సరే.

ఇంత ఆలోచిస్తూ బుర్ర వేడెక్కి ఒక రోజు యూట్యూబ్‌లో అష్టావధానం పెట్టుకుని కూర్చున్నాను. అదేం పని అనకండి, ఒక్కొక్కరికి ఒక్కో అలవాటు. చూస్తుంటే తట్టింది, ఎవరు ఎప్పుడు ఎట్లా అడ్డం తగలొచ్చో ఇంత చక్కగా ఏర్పాటు చేసుకున్న సభ ఇంకొకటి లేదు కదా అని. ఎనిమిదిమంది పృచ్ఛకులు, ఎవరి పని వాళ్ళది. నిషిద్ధాక్షరి ఆయన అవధాని ఒక్కో అక్షరం వేస్తుంటే తర్వాత ఏ అక్షరం రాకూడదో చెప్తూ పోతాడు. సమస్య ఇచ్చేవాడు కావాలనే అడ్డగోలు అర్థం వచ్చే పాదం ఇస్తాడు, ఒక్కోసారి పచ్చిబూతులా వినిపించేది కూడా. అవధాని ముందు పాదాలు కట్టి దాన్ని సభ్యంగా మారుస్తాడు. వీళ్ళందరిలో నాకిష్టమైనవాడు అప్రస్తుత ప్రసంగి. ఆయన పనే సంబంధం లేని మాట మాట్లాడ్డం. అవధాని పద్యం మధ్యలో ఉండగా ఇడ్లీ గురించో అల్లుడి గురించో అడుగుతాడు. ఆయన అడ్డం తగలకపోతే సభ చప్పగా ఉంటుంది.

అయితే ఆ స్థానం ఒక్కరిది. ఆ కుర్చీలో ఆయన కూర్చున్నాడని అందరికీ తెలుసు. ఆయన పరీక్షించేది అవధాని ధారణని, అవధాని పుట్టుకనో మాటతీరునో కాదు. సభలో ఉన్నవాళ్ళంతా తలా ఒక అప్రస్తుతం మొదలుపెడితే అది అవధానం కాదు, బస్టాండు. ఇవన్నీ పాలమూరుకి కొత్త కూడా కాదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు, అన్నీ అక్కడి సంస్థానాలే. తిరుపతి వెంకట కవుల్లాంటి వాళ్ళు సన్మానాలకోసం వెతుక్కుంటూ వచ్చిన చోట్లు. విద్వద్గద్వాల అని పేరే ఉంది (ఆ పక్క ఊరివాడితోనే తెలంగాణలో కవులు పూజ్యం అంటే ఊరుకుంటాడా మరి). అట్లాగని ఆ కవులంతా మర్యాదపురుషులేం కారు. తిరుపతి వెంకట కవులకీ కొప్పరపు కవులకీ మధ్య నడిచిన పోరు చూస్తే మన వాట్సాప్ గ్రూపులు భజన మండళ్ళలా కనిపిస్తాయి. వాళ్ళే వేదికెక్కితే నియమం పాటించారు, దిగితే తిట్టుకున్నారు. అంటే మర్యాద మనుషుల్లో కంటే ఏర్పాటులో ఎక్కువ ఉందన్నమాట.

ఇదే సంగతి ఒక ఇంజనీరుకి కూడా తట్టింది. అమెరికా సైన్యంలో హెన్రీ రాబర్ట్ అని ఒక ఇంజనీరు. 1863లో న్యూ బెడ్‌ఫర్డ్‌లో ఒక చర్చి సమావేశానికి అధ్యక్షత వహించమంటే వెళ్ళాడు. అది కాస్తా రభస అయిపోయింది. సభ నడపడం తనకి రాదని తెలుసుకుని, దాని మీద పడి చదివి 1876లో ఒక నియమావళి అచ్చు వేశాడు. ఇప్పటికీ ప్రపంచంలో బోలెడు సంఘాలు దాన్నే వాడుతున్నాయి. అందులో నాకు నచ్చింది ఒకటే. ఎవరేం అనాలన్నా అధ్యక్షుణ్ణి ఉద్దేశించే అనాలి, ఎదుటివాడి ముఖం చూసి కాదు. తీర్మానం మంచిచెడ్డలు మాట్లాడు, తెచ్చినవాడి మనసులో ఏముందో నీకెందుకు అంటాడు. చిన్న సంగతే. కానీ "ఈ కథలో" అనడానికీ "నువ్వు" అనడానికీ మధ్య ఎంత దూరముందో రాత్రి పదకొండింటికి రిలీజ్ కాల్‌లో ఉన్న ఎవరినైనా అడగండి.

సరే, అటూ ఇటూ తిరిగి ఒక పేజీ రాశాను. చదివింది అయ్యాక ముందు కొత్తవాళ్ళు మాట్లాడాలి, పెద్దవాళ్ళు చివర్లో మాట్లాడాలి. ఎందుకంటే పెద్దవాళ్ళు మొదట మాట్లాడాక చిన్నవాళ్ళు అదే మాట తిప్పి చెప్తారు. రాసింది ముందుగా ఎవరికీ చూపించక్కర్లేదు. కావాలంటే మారుపేరు పెట్టుకోవచ్చు, వేరేవాళ్ళ చేత చదివించుకోవచ్చు. అన్న ప్రతి మాటా జవాబుకి వీలున్నదై ఉండాలి. రాసినవాళ్ళు జవాబు చెప్పొచ్చు, చెప్పకపోవచ్చు. ఆ నెల నడిపేవాళ్ళకి ఒక మాటని ఆపే హక్కు ఉంటుంది, కానీ అక్కడే అందరి ముందూ ఆపాలి, ఎందుకో చెప్పాలి, నోటుబుక్కులో రాయాలి. ఆపించుకున్నవాళ్ళు కాదని వాదించొచ్చు, అది కూడా రాయాలి. నెలకొకరు వంతులవారీగా అప్రస్తుత ప్రసంగి. జోకులన్నీ ఆయన కోటాలోనే.

గ్రూపులో పెట్టగానే ఒకాయన "ఇది గస్తీ 53" అన్నాడు. నేనే చెప్పిన కథతో నన్నే కొట్టాడు, బాగానే కొట్టాడు. నోటుబుక్కు సంగతి చెప్తే కొంచెం తగ్గాడు. గస్తీ 53లో సర్కారు ఎందుకు ఒద్దందో మనం రాసుకోవడానికి నోటుబుక్కు లేదు కదా.

లెక్చరరు గారు గ్రూపులో ఏమీ అనలేదు. ఫోన్ చేశారు. ఆయన చెడ్డమనిషి అని మీరు అనుకుంటుంటే ఆగండి. మాలో సగంమందికి పుస్తకాలు ఇచ్చి చదివించింది ఆయనే. ఆయన అన్నది ఇది. "నేను డిగ్రీలో చేరిన మొదటి రోజు హాజరు పిలిస్తే ఉన్న సార్ అన్నా. క్లాసంతా నవ్వింది. మా యాస అది, నాకు తెలుసా నవ్వుతారని. ఆ రోజునుంచి ఆ నవ్వు మళ్ళీ వినకూడదని మాట మార్చుకున్నా. నలభై ఏళ్ళు ఆ భాషతోనే బువ్వ తిన్నా. ఆ పిల్ల కూడా బయటికి పోతే నవ్వుతారు. ఇక్కడే చెప్తే మంచిది కదా అనుకున్నా."

నేను వెంటనే ఏం అనలేదు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. తెలంగాణ మాట మాట్లాడితే సినిమాలో వాడు విలనో, జోకరో అయి ఉండాల్సిన రోజుల్లో ఆయన ఉద్యోగం చేశారు. కానీ సార్, ఆ రోజు మిమ్మల్ని చూసి నవ్వినవాళ్ళది తప్పు కదా అన్నాను. "అది తప్పో ఒప్పో, బతకాలి కదా" అన్నారు. పెద్దవాళ్ళు చివర్లో మాట్లాడాలన్న నియమం మీద మాత్రం ఆయనకి నిజంగానే కోపం వచ్చింది. "వయసు అయినవాడు నోరు మూసుకోవాలా?" అన్నారు. మూసుకోవడం కాదు సార్, చివరికి ఆగడం అన్నాను. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. నోటుబుక్కులో ఆయన అభ్యంతరం మొదటి పేజీలోనే రాశాను. నియమం అట్లాగే ఉంచాను. ఆయన్ని పిలవడం మానాలన్న వాళ్ళ మాట కూడా నేను ఒప్పుకోలేదు. 1944లో భువనగిరి సభ దగ్గర ఆంధ్ర మహాసభ రెండుగా చీలింది. ఆ తర్వాత అతివాదులది అతివాదులకి, మితవాదులది మితవాదులకి. ఎవరి సభ వాళ్ళకి హాయిగానే ఉండి ఉంటుంది. మా గదిలో పదహారుమందే, ఇంకా చీలితే దోసెల బిల్లు పంచుకోవడానికి కూడా మనుషులుండరు.

చివరగా ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. నియమాల పేజీ పంపాను, చదివింది. సార్ ఎందుకన్నారో కూడా చెప్పాను. తను అన్నది విని నేను రాసిన పేజీ మళ్ళీ మొదటినుంచి చూసుకోవాల్సొచ్చింది.

"సార్ అన్న దాంతోని నాకేం బాధ లేదన్నా. సార్‌కు నేను జవాబు చెప్పుకుందు. గంత మంది ఒక్కసారి నవ్విండ్రు చూడు, గది. నువ్వు రాసిన దాంట్ల మాటకు రూలుంది. నవ్వుకు ఏది?"

లేదు. వెంకటరామారావు గారి మీద చేసిన ఎగతాళికి కూడా అధ్యక్షుడు ఏ నియమం ప్రకారం అడ్డం పడగలడు? మాట అయితే ఒక మనిషి నోట్లోంచి వస్తుంది, పేరుంటుంది, ఆపొచ్చు, వెనక్కి తీసుకొమ్మనొచ్చు. నవ్వు అందరి నోళ్ళలోంచి వస్తుంది, ఎవరిదీ కాదు. రాబర్ట్ గారి పుస్తకం పట్టుకున్నా, అవధానం చూసినా దీనికి నాకు ఉపాయం దొరకలేదు. నవ్వొద్దని రాస్తే మా రెండో శనివారం అసెంబ్లీ అవుతుంది.

ఆ అమ్మాయి వచ్చే నెల వస్తానని చెప్పలేదు, రానని కూడా చెప్పలేదు. నాయినమ్మ గురించి రెండో భాగం రాస్తోందట, ఈసారి నాగార్జునసాగర్ పనుల దగ్గరి సంగతులు. పేజీలో నవ్వు దగ్గర నేను ఖాళీ వదిలేశాను. మీ ఊళ్ళో భజన మండళ్ళలోనో, యూనియన్లలోనో, అపార్ట్‌మెంట్ మీటింగుల్లోనో దీనికేమైనా చేసి చూసినవాళ్ళుంటే చెప్పండి, మీ పేరుతోనే రాసుకుంటాను.